దిబ్బ కింద రాజధాని

మా చిన్నతనంలో పళ్ళు తోముకోవడానికి ఇటుక పొడే... అమ్మ మా చేలో దిబ్బ మీది నుంచి పెద్ద పాత ఇటుకొకటి తెచ్చి, రోట్లో దంచి, పాత చీర ముక్కలో జల్లించేది. మెత్తటిది మా పళ్ళకి, బరకది ఇత్తడి బిందెలకి.

పెదవేగిలో చాలా ఇళ్ళలో అంతే. పశువుల సావిడి గోడకీ, నీళ్ళతొట్టి కిందకీ ఆ ఇటుకలే...

ఒకరోజు పురావస్తు శాఖ తవ్వకాలవాళ్ళు వచ్చి మా దిబ్బ పక్కన గోకి చూశారు. "ఇది రాజుల కాలం గోడండీ. ఒకప్పుడు మీ ఊరే వేంగి రాజధాని. శాలంకాయనులు, తరవాత చాళుక్యులు... వందల ఏళ్ళు ఇక్కణ్ణుంచే ఏలారు. ఆ తరవాతే రాజధాని రాజమండ్రికి వెళ్ళింది" అన్నారు. మళ్ళీ వచ్చి తవ్వుతాం, అప్పటిదాకా కదపకండి అని చెప్పి వెళ్ళారు.

"అయ్యో, రాజుల గోడని పళ్ళకేసి తోమేశామే!" అంది అమ్మ.

"అందుకే కాబోలు, నీ నోటికంత అధికారం!" అంది నాయనమ్మ.

తాత మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఒక్క ఇటుక ముట్టనివ్వలేదు. నాగలి కూడా దిబ్బ చుట్టూ తిప్పించేవాడు.

"ఆళ్ళొచ్చి తవ్వితే మన ఊరి పేరు మళ్ళీ పైకొస్తదిరా" అనేవాడు నాన్నతో.

"ఎప్పుడొస్తారు నాన్నా? ఆ దిబ్బ మీద పాములు తప్ప ఏం పెరుగుతున్నాయి?" అనేవాడు నాన్న.

వాళ్ళు రాలేదు. ఏళ్ళు గడిచాయి, నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది... దారిలో జీపు చప్పుడైతే చాలు, తాత కండువా సర్దుకుని గట్టు మీదికి వెళ్ళేవాడు. అది ఇంకెవరిదో అయ్యేది. తిరిగొచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

చివరికి పామాయిల్ తోట వేద్దామని నాన్న పొక్లెయిన్ తెచ్చాడు. తాత వెళ్ళి దిబ్బ మీద కూర్చున్నాడు.

డ్రైవరు కిందికి దిగి, "లేవండి బాబాయ్, ఎండెక్కుతోంది" అన్నాడు మెల్లగా. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి తాత తనే లేచాడు. "ఆళ్ళెప్పుడైనా వస్తే, నేను లేనని చెప్పరా" అన్నాడు నాన్నతో.

మధ్యాహ్నానికి దిబ్బ లేదు. ఇటుక ముక్కలు రోడ్డు గుంతల్లో పోశారు. మరుసటేడు తాతా పోయాడు...

నన్ను ఉంగుటూరు దగ్గర ఇచ్చారు. మొన్న పుట్టింటికి వెళ్ళినప్పుడు మా ఆయన, "ఏదీ మీ రాజధాని?" అని నవ్వారు. ఎటు చూసినా ఒకేలాంటి చెట్లు... కింద గడ్డి కూడా లేదు. ఎటు చూపించాలో తెలియక కొంగు పట్టుకుని నిలబడిపోయాను.

మీ ఊరు ఒకప్పుడు ఏమిటో చెప్పే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఇంకా ఉన్నారా అండీ? మా ఇంట్లో తాత ఒక్కడే ఉండేవాడు...