సగం పేజీలో మిగిలిన పేరు

మొన్న నల్లగండ్లలో మా ఇంట్లో కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటుంటే, ఫోనులో ఒక పేజీ సగం వచ్చి ఆగిపోయింది. పైన ఎవరిదో పేరు, కిందంతా తెల్లటి ఖాళీ. సుజాత మేడం గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో మా ఆఫీసున్న కొత్త అద్దాల మేడ చుట్టూ ఇంకా బండరాళ్లే. వాటిని పేల్చినప్పుడల్లా మానిటర్లు వణికేవి. నాది తొలి ఉద్యోగం. మేడం మా టీం లీడర్, రాజమండ్రి మనిషి, మాటలో మొహమాటం లేదు. ఒక ఆసుపత్రిలో చేరిన రోగుల పరిస్థితిని బంధువులు ఇంటర్నెట్‌లో చూసుకునే ఏర్పాటు చేస్తున్నాం. సర్వర్ పేజీని కొంచెం కొంచెంగా పోగేసి పంపుతుంది. మధ్యలో తప్పొస్తే పోగేసిందంతా తుడిచేసి, తప్పు సంగతి ఒక్కటే రాయాలి. దాన్నే రీసెట్ అంటాం. “ముగ్గు చెడితే కడిగి మళ్లీ వేస్తారు గానీ, దాని మీదే ఇంకోటి వేస్తారటయ్యా?” అని మేడం మా ప్రాణాలు తోడేసేవారు.

ఒక మధ్యాహ్నం పరీక్షకని తోచిన రోగి నంబరొకటి కొట్టాను. అదే క్షణాన బయట రాయి పేలింది. తెర మీద ఇంగ్లీషులో, ప్రసాదరావు కోలుకుంటున్నారని పైన, అలాంటి రోగి ఎవరూ లేరని కింద వచ్చింది.

“ఏంది మేడం, గిట్ల వచ్చింది? ఈ ప్రసాదరావు ఎవరు?”

మేడం వచ్చి నా వెనక నిలబడ్డారు.

“ఆ నంబరే ఎందుకు కొట్టావు?”

“ఊకెనే కొట్టిన మేడం.”

“మా ఆయనయ్యా. పరీక్షకని నేనే ఆయన పేరు ఎక్కించి, మనసొప్పక తీసేశాను. పై వరుస ఎక్కడో మిగిలిపోయినట్టుంది. ఆయన పోయాక కూడా ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి నాకు ఇదే మాట చెప్పింది, కోలుకుంటున్నారని. ఇడ్లీలు పట్టుకుని మెట్లెక్కాను.”

గబగబా పేజీ మూసేయబోయాను.

“ఉండు. ఒక్క నిమిషం ఉండనీ.”

తుడవండి తుడవండి అని మమ్మల్ని వేపుకుతినే మనిషి, ఆ పై వరుసనే చూస్తూ ఉండిపోయారు. ఇంకో రాయి పేలింది. వణికిన తెర అద్దంలో ఆమె వెనక మరెవరో నిలబడ్డట్టు కనిపించింది. తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది. కాసేపటికి నన్ను లేపి, నా కుర్చీలో కూర్చుని, ప్రోగ్రాంలో లేని రీసెట్ వరుసను తన చేత్తోనే రాశారు. మళ్లీ అదే నంబరు కొట్టారు. ఈసారి రోగి లేరన్న మాట ఒక్కటే వచ్చింది.

“ఇప్పుడు నిజం చెబుతోంది,” అన్నారు.

నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఆ పాఠమే చెబుతాను, ముగ్గు మాటతో సహా. కానీ సగం పేజీలో ఎవరి పేరైనా కనిపిస్తే మాత్రం చటుక్కున తుడవలేను. మొన్న కూడా కరెంటు వచ్చేదాకా ఆ పేరును అలాగే ఉండనిచ్చాను.