వారంటప్పలరాజు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరికీ తెలుసు. పక్కింటి కోడలు నెల తప్పిందన్న మాట వాళ్ళ అత్తగారికంటే ముందు వీధికి చెప్పింది నేనే. అలాంటి నోట్లో ఈ ఒక్క మాట ఇన్నేళ్ళుగా నానుతూనే ఉంది. మింగుడుపడదు, కక్కబుద్ధి కాదు. రిటైరై, మోకాళ్ళకి తైలం రాసుకుంటూ, కడుపులో చల్ల కదలకుండా బతుకుతున్నదాన్ని ఇప్పుడెందుకు చెబుతున్నాను? మీరెవరో నాకు తెలీదు కాబట్టి. నేనెవరో మీరూ అడక్కండి.

విశాఖపట్నంలో ఒక క్రిమినల్ కోర్టులో బెంచి క్లర్కుగా చేశాను. జడ్జిగారి ముందు కూర్చుని కేసు కట్టలు అందించి, ఆయన చెప్పిన వాయిదా రాసుకుని, సమన్లూ వారంట్లూ తయారుచేసి సంతకానికి పెట్టే మనిషిని. కంచరపాలెంలో బస్సెక్కి కోర్టు వరండాలో అడుగుపెట్టేసరికి ప్లీడర్లూ కక్షిదారులూ చుట్టుముట్టేసేవారు. ఎవరి వాయిదా ఎప్పుడో నాకు నోటికి వచ్చేది. కాగితం చూడక్కర్లేదు, మొహం చూస్తే చాలు. అందుకు నాకు గర్వం ఉండేది. గర్వమేటి, నెత్తి మీద కొమ్ములే ఉండేవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా సముద్రపొడ్డున జాలరిపేటలో నిలబడి ‘అప్పలరాజూ’ అని పిలిస్తే వీధిలో సగం మంది వెనక్కి తిరుగుతారు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లుండదు. ఇంటిపేర్లూ కలుస్తాయి, తండ్రుల పేర్లూ కలుస్తాయి. అందుకే ప్రతివాడికీ పేట పెట్టిన పేరు ఇంకోటి ఉంటుంది. మా కోర్టులోనే ఇద్దరు అప్పలరాజుల మీద కేసులుండేవి. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, ఇద్దరి తండ్రులూ పోలయ్యలే. వల లాగేటప్పుడు పాట ఎత్తుకునేవాడు పాటల అప్పలరాజు. ఏ పనికైనా అందరి వెనకా వచ్చేవాడు తాబేలు అప్పలరాజు. పాటలవాడిది చేపల వేలం దగ్గర తోపులాట, చిన్న కేసు. ప్రతి వాయిదాకీ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని అందరికంటే ముందొచ్చి గోడవార నిలబడేవాడు. తాబేలుది తల పగిలిన కొట్లాట కేసు. అతను రాడు, వచ్చినా కోర్టు లేచిపోయాక వస్తాడు. నేను కాగితం మీద పేరు పక్కన ‘ఉరఫ్ పాటల’, ‘ఉరఫ్ తాబేలు’ అని రాసేదాన్ని. బంట్రోతు గుమ్మంలో నిలబడి అలాగే మూడుసార్లు కేకేసేవాడు. ఎప్పుడూ తేడా రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి మా కోర్టుకి కంప్యూటరొచ్చింది. కేసులన్నీ అందులోకి ఎక్కించాలట, వాయిదాలు అదే చూపిస్తుందట, వారంట్లు కూడా అదే అచ్చు కొడుతుందట. నేర్పించడానికి ఒకాయన హైదరాబాదు నించి వచ్చాడు. మా ఉరఫ్ ఎక్కడ కొట్టాలండీ అని అడిగాను. అలాంటి గడి లేదన్నాడు. ముద్దుపేర్లు అసలు పేర్లు కావన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ప్లీడర్లందరూ వింటుండగా, ఇక మీ జ్ఞాపకశక్తికి విశ్రాంతి ఇవ్వండి మేడం అని నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మర్నాటి నించి నన్ను వాయిదా అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అందరూ ఆ తెర ముందు మూగేవారు. అది మాటిమాటికీ ఆగిపోయేది, ఒకరి కేసులో ఇంకొకరి సాక్షిని చూపించేది, కరెంటు పోతే మూగబోయేది. అయినా సరే దానికే దణ్ణాలు. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, అది ఆగిపోయిన రోజున నాకు అన్నం సహించేది.

అలా ఉండగా తాబేలు అప్పలరాజు మళ్ళీ వాయిదాకి రాలేదు. జడ్జిగారికి విసుగొచ్చి నాన్‌బెయిలబుల్ వారంటు వెయ్యమన్నారు. మీట నొక్కాను. కాగితం వచ్చింది. చూశాను. పేరు సరే, తండ్రి పేరు సరే, చిరునామా మాత్రం ఐసు ఫ్యాక్టరీ పక్క సందు. అది పాటల అప్పలరాజు ఇల్లు. ఊరూ పేరూ తండ్రీ కలిసేసరికి ఆ యంత్రం ఇద్దర్నీ ఒకే మనిషి కింద కట్టేసింది.

ఇదిగో, ఇదే నేను దాచిన మాట. నేను చూశాను. చూడలేదని అనుకోడానికి ఇన్నేళ్ళుగా ఎంత ప్రయత్నించానో, కళ్ళజోడు మార్చాల్సిన రోజులనీ, బస్సు టైమైపోయిందనీ, జడ్జిగారు తొందరపెట్టారనీ నాకు నేనే ఎన్ని సాకులు చెప్పుకున్నానో లెక్కలేదు. అన్నీ అబద్ధాలే. చూశాను. పెన్ను తీసి చిరునామా కొట్టేసి సరిదిద్దితే అయిపోయేది. తియ్యలేదు. మీ మిషన్ ఏపాటిదో ఇప్పుడు తెలుస్తుందిలే అనుకుని సంతకాల ఫైల్లో పెట్టేశాను. జడ్జిగారు నన్ను నమ్మి సంతకం పెట్టారు.

అతనికి చెడు జరగాలని అనుకున్నానా? లేదు. కానిస్టేబుళ్ళు ఆ సందుకెళ్తారు, పేటవాళ్ళు అదేటి ఈడు పాటలోడు కదా అంటారు, వాళ్ళు కాగితం పట్టుకుని తిరిగొస్తారు, కోర్టంతా ఆ కంప్యూటర్ని చూసి నవ్వుతుంది. నేను వేసుకున్న లెక్క అంతే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే. ఆ పిల్లిని నేనే.

పోలీసులు అతన్ని పట్టుకున్నది వేసవి వేట నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగే రోజున. ఒడ్డున పేటంతా ఉంది. పడవలకి పసుపు రాసి, గంగమ్మతల్లికి కొబ్బరికాయలు కొడుతున్నారు. అతను పడవ మీద చెయ్యేసి మొదటి పాట ఎత్తుకోబోతుండగా చొక్కా పట్టుకుని లాక్కుపోయారట, పెళ్ళాంపిల్లలు చూస్తుండగా. నేను ఒక్క వాయిదా కూడా తప్పలేదని మొత్తుకున్నాడట. కంప్యూటర్ కాగితంరా, అది అబద్ధం చెప్పదు అన్నారట. ఆ పడవ ఆ రోజు అతను లేకుండానే వెళ్ళింది. అతను ఆ రాత్రి స్టేషన్లో గడిపాడు.

పొద్దున్న కోర్టుకి తెచ్చారు. తెల్లచొక్కా లేదు, ఒంటి మీద చిరిగిన బనీను. నన్ను చూడగానే దణ్ణం పెట్టాడు. లేచి జడ్జిగారి చాంబర్లోకి పరిగెత్తాను. తప్పయిపోయింది సార్, ఈ మనిషి కాదు, మిషన్ ఇద్దర్నీ కలిపేసింది అన్నాను. మిషన్ అన్నాను. నా నోరు నాకంటే ముందు పరిగెత్తి ఆ మాట అనేసింది. పది నిమిషాల్లో అతన్ని వదిలేశారు. యంత్రానికి తెలియనిది మా బెంచి క్లర్కుకి తెలిసిందని జడ్జిగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ కాగితం సంతకానికి పెట్టిందెవరని ఒక్కరూ అడగలేదు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశారు, ఉరఫ్‌కి గడి పెట్టేదాకా పాత పద్ధతే సాగింది. జనం మళ్ళీ నా బల్ల చుట్టూ చేరారు. నేను కోరుకున్నదంతా అక్షరాలా జరిగింది.

ఒకటి మాత్రం కోరుకోలేదు. జాలరిపేట అతనికి కొత్త పేరు పెట్టింది. వారంటప్పలరాజు. మొదట వేళాకోళానికే. తర్వాత అదే నిలిచిపోయింది. కొడుకు వారంటోడి కొడుకయ్యాడు, పెళ్ళాం వారంటోడి ఆడది అయింది. రద్దయిన వారంటుని ఎవరూ గుర్తుంచుకోరు, పేరు మాత్రం పోదు. పాటలెందుకు మానేశాడో నాకు తెలీదు. ఆ ఏడు మొదటి వేటలో అతని పాట లేకుండా వల లాగారు, ఆ తర్వాత ఇంకొకడు ఎత్తుకోవడం మొదలెట్టాడు. అంతే.

మరి అతనేం చేశాడు? నాకు చేపలు తెచ్చాడు. కంప్యూటర్ లోపలేస్తే నేను బయటికి తీశానని అతని నమ్మకం. ప్రతి ఏడూ నిషేధం ముగిశాక మొదటి వేటలో పడ్డ వంజరమో చందువలో పట్టుకుని కంచరపాలెం వస్తాడు. రైలుగేటు దగ్గర నించే కేకేస్తాడు. నేను చింతపండు నానబెడతాను. మా ఆయన స్టీలు ప్లాంటులో చేసినన్నాళ్ళూ షిఫ్టు దిగి వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. మా మనవరాలు ముళ్ళు తీసుకోవడం నేర్చుకుంది ఆ చేపల మీదే. అతని కూతురు పెళ్ళికి మేము వెళ్ళాం, మా గృహప్రవేశానికి వాళ్ళొచ్చారు. చెప్పకేం, ఆ చేపల పులుసు రుచి ఇంకే పులుసుకీ లేదు. దొంగసొమ్ము తింటున్నానని గొంతులో ముల్లు దిగాలి కదా? దిగలేదు. సుఖంగానే తిన్నాను. అదే నాకు అంతుపట్టదు.

ఒకసారి చెప్పబోయాను. పెరట్లో కూర్చుని చేప పొలుసు గీకుతున్నాడు. పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

“అప్పలరాజూ, ఆ రోజు తప్పు మిషన్‌ది కాదు. నాది,” అన్నాను.

కత్తి ఆపి నా వైపు చూశాడు. తర్వాత నవ్వాడు.

“ఊరుకోండమ్మా. మిసన్ని ఎనకేసుకొస్తన్నారేటి? అది సేసిన ఎదవ పని మీరెందుకు నెత్తినేసుకోడం?”

“నిజమే చెబుతున్నాను.”

“నాకు తెల్దేటి మీ సంగతి? మీలాటోలు నేకపోతే మాలాటోలం ఏటైపోదుము.”

మళ్ళీ చేప మీదికి వంగాడు. తప్పు నాది అన్నాను గానీ, చూసి కూడా పెట్టాను అన్నానా? ఆ రెండో ముక్క ఇంకా నోట్లోనే ఉంది. అది అని ఉంటే కత్తి మళ్ళీ ఆగేది. అతను లేచి, కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయేవాడేమో. ఆ రాకపోకలు పోతాయని భయపడ్డాను. పాపానికి భయపడలేదు, చేపలవాడు రాడని భయపడ్డాను. ఎంత చవక మనిషినో చూడండి.

అతను సుఖంగానే ఉన్నాడు. కొడుక్కి గాజువాకలో ఉద్యోగం, సొంత పడవ, ఒంట్లో ఓపిక. నేనూ సుఖంగానే ఉన్నాను. ఈ మాట మీతో అనేశాక ఛాతీలో కాస్త గాలాడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ దగ్గర లేదు.

నిన్న ఫోన్ చేశాడు. రేపొస్తన్నానమ్మా, చందువలు బాగా పడ్డాయి, నాను, వారంటప్పలరాజుని అన్నాడు. ఎప్పుడూ అలాగే చెబుతాడు, నవ్వుతూ. రా పాటల అప్పలరాజూ అన్నాను. ఊళ్ళో ఇంకా ఆ పేరుతో పిలిచేది నేనొక్కదాన్నే. అది ప్రేమనుకుంటాడు. వారంటు పేరు పేట పెట్టిందనుకుంటాడు.

ఆ పేరు పెట్టింది నేను.