కార్తీక సోమవారం నాడు రైలింజను

నేను బడి గడప తొక్కి చదువుకున్నదాన్ని కాదు. ఆబిడ్స్ వెనుక సందులో ఉన్న మా ఇంటికే ఒక పంతులమ్మ వచ్చి, నాకూ చెల్లెకూ, అంటే మా చిన్నాయన కూతురికీ, చదువు చెప్పేది. వంటింటి పక్కన చాప పరిచి, నదులను ముగ్గుపిండితో నేలమీద గీసేది. పులి అంటే పిల్లికి పెద్దక్క అనేది. రైలింజను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమెకు మాటలూ చాలేవి కావు, ముగ్గుపిండీ చాలేది కాదు. నాంపల్లి స్టేషన్ మాకు కూత వినపడేంత దూరమే. కూత రోజూ వినేవాళ్ళం, కూసేదాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు.

పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాని రోజులవి. పిల్లలను ఒకసారి బయటికి తీసుకుపోయి చూపించి చెబుతానని పంతులమ్మ మా నాయినను అడిగింది. ఆయన సరేనన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. బాగే ఆం తోటలో జంతువులను చూసి రావాలి, వెంట నాయనమ్మ ఉండాలి. తిరిగి వచ్చాక నాయనమ్మ మంచిదంటే నెలకొకసారి ఇట్లాగే పోవచ్చు. వద్దంటే ఇక చదువంతా చాప మీదనే. ఆడపిల్లలను ఊరు తిప్పుతూ చదువు చెప్పడమేమిటని అప్పటికే గొణుగుతున్న మనిషి నాయనమ్మ. మా తలరాత ఆమె నాలుక మీద పెట్టినట్టయింది.

తీరా ఆ పొద్దున ఆ నాలుకే కదలలేదు. నాయిన పెట్టిన రోజు కార్తీక సోమవారమని ఆయనకు తట్టలేదు, నాయనమ్మా చెప్పలేదు. తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, జపమాల చేత పట్టుకుని జట్కా ఎక్కింది. చుక్కలు పొడిచేదాకా ఉపవాసం, మౌనం. పరదా దించుకుని మేము ఎదురుగా కూర్చున్నాం. ఆమె మొహం చూసి ఏమనుకుంటున్నదో చెప్పడం ఆ శివుడికే సాధ్యం.

తోటలో పులి బోను ముందు పంతులమ్మ మాకు దాని చారల గురించీ తోక గురించీ చెబుతుండగా, నాయనమ్మ నా జబ్బ పట్టుకుని లాగింది. పులిని చూపింది. తన పొట్ట చూపింది. ఆకాశం చూపింది. నీకు ఆకలవుతున్నదా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఎండ కొడుతున్నదా అని మా చెల్లె అడిగింది. నాయనమ్మ నెత్తి కొట్టుకుని అటు తిరిగి మాల తిప్పసాగింది. కోపం వచ్చిందనుకున్నాం.

తిరుగు దారిలో స్టేషన్ ముందుకు రాగానే పంతులమ్మకు ఆశ పుట్టింది.

"అమ్మా, ఇంత దూరం వచ్చినం. పిల్లలకు జర ఇంజన్ చూపిస్త. దిగుదామా?"

నాయనమ్మ మాల పూసలే కదిలాయి.

పంతులమ్మ మా వైపు తిరిగింది. "మౌనం అర్ధాంగీకారమన్నరు పెద్దలు. సగం దొరికింది." మళ్ళీ నాయనమ్మ వైపు తిరిగి ఎంతో మర్యాదగా అదే మాట అడిగింది. మళ్ళీ మౌనమే. "ఇగో, ఇంకో సగం. సగం, సగం కలిస్తె ఎంత బిడ్డా?"

"ఒకటి," అన్నాం ఇద్దరం. జట్కా ఆగింది.

ప్లాట్‌ఫారం మీద నిలిచి ఉన్న ఇంజను నల్లగా, నిగనిగలాడుతూ, బుసలు కొడుతున్నది. నూనె వాసన, బొగ్గు వాసన, వేడి. పంతులమ్మ చక్రాలను కలిపే కడ్డీని చూపించి, అది ఎట్లా ముందుకూ వెనకకూ ఆడుతుందో చేతులు ఊపి చెప్పింది. ముగ్గుపిండితో తేలనిది ఒక్క చూపుతో తేలిపోయింది. అప్పుడే అది కూత వేసి, పక్క నుంచి తెల్లటి ఆవిరి వదిలింది. నాయనమ్మ నోరు తెరిచింది. మాట పెదవి దాకా వచ్చింది. గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వడివడిగా పోయి జట్కాలో కూర్చున్నది. ఇంటికి చేరేదాకా మాల ఆగలేదు. వ్రతం భంగమయ్యేదే కదా, ఇక మా చదువు తీరిపోయిందని నేను పరదా మూల పట్టుకుని, స్వామీ, నాయనమ్మ నోట మంచిమాట పలికించు అని మొక్కుకున్నాను.

చుక్క పొడిచింది. తులసి దగ్గర దీపం పెట్టి, తీర్థం పుచ్చుకుని, నాయనమ్మ "శివ శివా" అన్నది. మేమందరం గోడకు అంటుకుని నిలబడ్డాం. రెండో మాట నాయిన మీద పడ్డది.

"ఎవనికి పుట్టిందిరా, సోమవారం పొమ్మనే బుద్ధి?"

"నాకే అమ్మా, యాదికి లేకుండె," అన్నాడు నాయిన నెమ్మదిగా.

"పొద్దుందాక నోరు కట్టుకొని సచ్చిన. సోముడుండే ఆకాశం చూపి, సోమవారం నాడు పులికి ఏం పెడతరో అడుగుదామంటె, గీ పోరీలు నాకే ఆకలైతుందా అనవట్టిరి. అంత పెద్ద ఇంజన్ ముంగట నిలబడ్డ. గా పొట్టల నీళ్ళెవరు పోస్తరు, బొగ్గెవరేస్తరు, గట్ల కూసినప్పుడు లోపలోనికి చెవులు పోవా, ఒక్కటన్న అడగనైతి."

నాయిన గొంతు సవరించుకున్నాడు. "అయితే పిల్లలు మళ్ళా పోవచ్చునంటవా?"

"పిల్లల ముచ్చట పక్కకు పెట్టు. బేస్తవారం జట్కా మాట్లాడు. నేను పోవాలె."

తలుపు వెనుక మా అమ్మ నవ్వు వినపడింది. ఆ బేస్తవారం మేము మళ్ళీ స్టేషన్‌కు పోయాం. ఇంజను మీది మనిషి కిందికి వంగి, నాయనమ్మ అడిగినవాటికల్లా ఓపికగా జవాబు చెప్పాడు. పంతులమ్మకు ఆ పూట ఒక్క మాటకూ సందు దొరకలేదు. పాపం, ఆమెది కదా అసలు మౌనవ్రతం. ఆ తరువాత నెలనెలా మేము చూసినవెన్నో. నాకు అబ్బిన చదువులో సగం పంతులమ్మ పెట్టిన భిక్ష. తక్కిన సగం నాయనమ్మ ఆపుకోలేని ప్రశ్నలది. ఆ ఇద్దరినీ ఒకే జట్కాలో కూర్చోబెట్టినందుకు ఆ స్వామికి ఇప్పటికీ దీపం పెట్టి దండం పెట్టుకుంటాను.