జర్మన్ పరీక్షలో ఎడమవైపు గీతలు

1961లో నేను హిందూపురంలో ఒక మిషన్ ఆసుపత్రిలో స్టోర్ కీపర్‌గా పనిచేస్తున్నాను. దూది, గాజుగుడ్డ, సూదులు, మందుసీసాలు ఇండెంట్ చూసి వార్డులకు ఇవ్వడం నా పని. ఇండెంట్ అంటే ఏ వార్డుకు ఏది ఎంత కావాలో నర్సు రాసి పంపే చీటీ. నేను చదివింది థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి వరకే. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టుబడ్డాయి. ఆ స్టోరులో చేరి అప్పటికి పదహారేళ్ళు. ఒక్క సూది తేడా వచ్చిందని ఎవరూ అనలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత నేను చేసిన పనికి ఈ గర్వమే మూలం కాబట్టి ముందే చెప్తున్నాను.

జర్మన్ భాష నాకు ఎట్లా వచ్చిందని చాలామంది అడుగుతారు. అయిదేళ్ళ ముందు మా ఆసుపత్రికి ఒక ఎక్స్‌రే యంత్రం నాలుగు చెక్కపెట్టెల్లో వచ్చింది. దాని ప్యాకింగ్ లిస్టు, అంటే పెట్టెల్లో ఏమేమి ఉన్నాయో రాసిన జాబితా, మొత్తం జర్మన్‌లో ఉంది. చదవడం రాని జాబితా మీద సంతకం పెట్టడానికి నాకు చేయి రాలేదు. బెంగళూరులో పాత పుస్తకాల అంగట్లో ఒక జర్మన్ వ్యాకరణం కొనుక్కొచ్చి, రెండేళ్ళు కూర్చుని చివరి పేజీ దాకా చదివాను. చదివాను, రాశాను. ఆ భాష మాట్లాడగా మాత్రం ఎప్పుడూ వినలేదు.

ఆ సంవత్సరం పశ్చిమ జర్మనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మా దగ్గర పనిచేసే సహాయ నర్సుల్లో ఒకరిని అక్కడి ఆసుపత్రిలో మూడేళ్ళు ఉంచుకుని పూర్తి నర్సుగా తయారుచేస్తారట. ఓడ దిగింది మొదలు ఆసుపత్రి చేరేదాకా దారి అడిగి తెలుసుకునేంత జర్మన్ వచ్చి ఉండాలన్నది వాళ్ళ షరతు. ఇద్దరు ముందుకొచ్చారు. పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి, "నాలుగు నెలలు నేర్పు నరసింహులూ, పరీక్ష పెట్టి మార్కులు రాసియ్యి. ఎక్కువ వచ్చినవాళ్ళను పంపుదాం," అన్నారు.

ఇద్దరిలో సుగుణది పెనుకొండ. నాయన రాళ్ళు కొట్టే కూలి. అప్పటికే ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఎనిమిదేళ్ళుగా వార్డులో పూర్తి నర్సు చేసే పనంతా చేస్తూ, సర్టిఫికెట్ లేనందున సహాయ నర్సుగానే ఉండిపోయింది. ఇక్కడ చదవడానికి ఆమెకు వయసు దాటింది. జర్మనీవాళ్ళు ముప్పై దాకా తీసుకుంటారు కాబట్టి ఆ ఉత్తరమే ఆమెకు ఆఖరి దారి. రెండో అమ్మాయి ప్రభావతి ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల, ఇరవై రెండేళ్ళది. చిన్నప్పుడు పోగులు అతికే పని చేసిందట. ఒక పోగు తప్పితే చీర పొడవునా ఆ తప్పు కనపడుతుందని ఆమెకు తెలుసు. ఏదైనా రూఢి చేసుకోకుండా నోరు విప్పేది కాదు. ఆ గుణం నాకు బాగా నచ్చింది. అది నా గుణమే గదా.

సాయంత్రం డ్యూటీ దిగాక స్టోరులో గంటసేపు పాఠం. ప్రయాణం గురించి మాట్లాడడానికి మొదట మూడు ప్రశ్నలు కావాలి. 'వో' అంటే యాడ, 'వోహిన్' అంటే యాడికి, 'వోహేర్' అంటే యాడనుంచి. ఇవి తొందరగానే వచ్చాయి. జవాబుల దగ్గరే చిక్కు. మనం ఊరికి, స్టేషనుకి, అవ్వ దగ్గరికి అని అన్నిటికీ ఒకే 'కి' తగిలిస్తాం. జర్మన్‌లో ఊరి పేరుకు ముందు 'నాఖ్' పెట్టాలి. స్టేషనుకో, ఒక మనిషి దగ్గరికో అయితే 'త్సూ'. స్విట్జర్లాండ్ లాంటి కొన్ని దేశాలకు 'ఇన్'. ఏ బండి ఎక్కి పోతామో చెప్పడానికి 'మిట్'. నేను ఒక అట్ట మీద నాలుగు గళ్ళు గీసి గోడకు కొట్టాను.

సుగుణ ఆ అట్ట చూసి నవ్వింది. "ఏమన్నా, పొయ్యేది ఒక ఊరికి, దానికి ఇన్ని దావలా? నేను 'నాఖ్' ఒకటే పట్టుకుంటా. రైలు టేసన్‌కీ నాఖే, మా అవ్వ కాడికీ నాఖే."

"అట్లంటే తప్పు సుగుణమ్మా."

"తప్పయితే వాళ్ళు నన్ను టేసన్‌కి తోలుకపోరా ఏమి? వాళ్ళకి అర్థమయితే సాలు గదన్నా."

ప్రభావతి తల వంచుకుని, "'త్సూ' తర్వాత మాట రూపం మారుతుంది గదా అన్నా?" అని మెల్లగా అడిగేది. నేను సంతోషంగా ఆ రూపాలన్నీ రాసి చూపించేవాణ్ణి.

పరీక్ష రోజు వచ్చింది. హిందూపురం నుంచి జర్మనీలోని క్యోల్న్ నగరం దాకా తమ ప్రయాణం ఎట్లా సాగుతుందో పది నిమిషాలు జర్మన్‌లో చెప్పాలి. నూరు మార్కులు. ప్రతి తప్పుకూ ఒక మార్కు తీసివేత. స్టోరులో పగిలిన సీసాలను తీసివేసినట్టే. నోటుబుక్కులో రెండు గళ్ళు గీసుకున్నాను. కుడివైపు తప్పులకు గీతలు. ఎడమవైపు, అలవాటు కొద్దీ, చెప్పిన వాక్యాలకు గీతలు.

ప్రభావతి ఎనిమిది వాక్యాలు చెప్పింది. ఒక్కో వాక్యానికీ ముందు కళ్ళు మూసుకుని ఆలోచించింది. తప్పు ఒకటే. తొంభై తొమ్మిది.

సుగుణ పెనుకొండలో మొదలుపెట్టింది. అమ్మ రొట్టెలు మూటగట్టింది, బెంగళూరు రైల్లో ఒక ముసలాయన రొట్టె అడిగాడు, ఓడలో వాంతులయ్యాయి, క్యోల్న్ స్టేషన్లో పాలు ఎక్కడ దొరుకుతాయని పోలీసును అడిగింది. మాట తెలియకపోతే ఒక్క క్షణం ఆగి, తెలిసిన రెండు మాటలు కలిపి ఇంకో మాట చేసేది. యాభై మూడు వాక్యాలు, ముప్పై ఒక్క తప్పులు. అరవై తొమ్మిది.

"అరవై తొమ్మిదా?" అంది. "నోరు నొప్పి పుట్టేటట్ల మాట్లాడితి గదన్నా!"

"మాట్లాడితే సాలదమ్మా. తప్పు లేకుండా మాట్లాడల్ల."

"అట్లయితే మూగోళ్ళకి నూటికి నూరు ఇస్తావేమో!"

ముగ్గురమూ నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను. ఆ మాటలో ఉన్న లెక్క నాకప్పుడు తట్టలేదు.

మార్కులు డాక్టరమ్మకు ఇచ్చిన మూడో రోజున ఎక్స్‌రే యంత్రం బాగుచేయడానికి ఒక జర్మన్ ఇంజనీరు వచ్చాడు. ఇంగ్లీషు నాలుగు మాటలకు మించి రాదు. అందరూ నా వైపు చూశారు. నేను చొక్కా సరిచేసుకుని ముందుకెళ్ళి, ప్రయాణం ఎట్లా జరిగిందని ఒక్క తప్పు లేకుండా జర్మన్‌లో అడిగాను. ఆయన ఓపికగా విని, "సారీ, నో తెలుగు," అన్నాడు. తర్వాత ఆయన జర్మన్‌లో ఏదో చెప్పాడు. అది వానలా కురిసింది. ఒక్క చుక్క కూడా నా చేతికి అందలేదు. ప్రభావతి గోడకు ఆనుకుని, పెదవులు కదుపుతూ, వాక్యం కూర్చుకుంటూ నిలబడింది.

సుగుణ ట్రే పట్టుకుని వస్తూ ఆగింది. "వోహిన్?" అని అడిగింది. ఆయన మళ్ళీ చెప్పాడు. ఆమె ఆయన నోటివైపే చూసి, ఆయన అన్నట్టే ఒకసారి అని, తప్పయితే ఇంకోసారి అని, నేను నేర్పిన ఉచ్చారణను అయిదు నిమిషాల్లో పారేసింది. ఆయన తన భార్యకు పట్టుచీర కొనాలనుకుంటున్నాడు. ధర్మవరం ఎట్లా పోవాలో, ఏ రైలుకో, తిరిగి ఎప్పుడు రావచ్చో అడుగుతున్నాడు. ఆమె ట్రేలోని చీటీ మీద హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అని మూడు చుక్కలు పెట్టి, రైలు గీసి, గంటలు రాసి ఇచ్చింది. ఆమె మాటల్లో తప్పులను నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదకొండు. ఆయన ఒక్కటి కూడా లెక్కపెట్టలేదు.

మరుసటి రోజు ఆయన చీర పొట్లంతో తిరిగొచ్చి, వరండాలో సుగుణకు విప్పి చూపించి నవ్వుతున్నాడు. డాక్టరమ్మ అది చూసి నన్ను గదిలోకి పిలిచారు. "సుగుణ బాగానే మాట్లాడుతోందే! జర్మనీకి ఉత్తరం ఇంకా పంపలేదు. నీ లెక్క ఒకసారి చూసుకుంటావా నరసింహులూ?"

నోటుబుక్కు నా చేతిలోనే ఉంది. తెరిచాను. నా కళ్ళు మొదటిసారి ఎడమవైపుకు పోయాయి. యాభై మూడు గీతలు. ముప్పై ఒక్క తప్పులు ఒక్కో వాక్యంలో ఒక్కటిగా పడినా, ఇరవై రెండు వాక్యాలు మచ్చ లేనివి. ప్రభావతివి ఏడు. నేను తప్పులను తూచాను, మాటలను తూచలేదు. ఎవరు ఎక్కువ మాట్లాడితే వాళ్ళకు ఎక్కువ నష్టం వచ్చేటట్టు పరీక్ష పెట్టాను. ఇదంతా అక్కడ నిలబడ్డ అరనిమిషంలోనే నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఎవరితోనూ అనలేను.

కానీ ముందురోజే వార్డంతా చూస్తుండగా 'నో తెలుగు' అనిపించుకున్నవాణ్ణి. పదహారేళ్ళలో తేడా రాని లెక్క ఇప్పుడు తప్పిందని కూడా చెప్పడానికి మనసు రాలేదు. "లెక్క సరిగానే ఉందమ్మా," అన్నాను.

ప్రభావతి వెళ్ళింది. రెండు నెలలకు నాకు ఉత్తరం రాసింది. క్యోల్న్‌లో దిగి ఇంకో రైలు ఎక్కాల్సి ఉండిందట. ఏ రైలని అడగడానికి పొద్దున నుంచి సాయంత్రం దాకా ప్లాట్‌ఫారం మీద నిలబడిందట. వాక్యం సరిగా కుదిరేలోపల మనిషి దాటిపోయేవాడట. చివరికి ఊడ్చే ఆమె ఎవరో చేయి పట్టుకుని తీసుకెళ్ళి రైలెక్కించింది. "మీరు నేర్పిన వాక్యం తప్పు లేకుండా మనసులోనే ఉండింది అన్నా," అని రాసింది. "సుగుణక్క అయితే ఆ లోపల స్టేషన్లో సగం మందితో స్నేహం చేసుకునేది. వార్డులో కూడా నేను మాట్లాడనని నన్ను గుడ్డలు ఉతికే చోట వేశారు. నెమ్మదిగా వస్తుందిలే."

ఆ ఉత్తరం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆమె ఆ రోజే సుగుణ కోసం జర్మనీకి రాశారు. ఇంకో చోటు వచ్చే ఏడాదికి గాని లేదని, అప్పటికి సుగుణకు ముప్పై దాటుతుంది కాబట్టి తీసుకోలేమని జవాబు వచ్చింది.

సుగుణ అప్పటికే మా ఆసుపత్రి వదిలి, పెనుకొండలో ఒక డాక్టరు దగ్గర కట్లు కట్టే పనిలో చేరింది. ఒక ఆదివారం రైలెక్కి పోయాను. వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టింది. నోటుబుక్కు తెరిచి రెండు గళ్ళూ చూపించి, డాక్టరమ్మ గదిలో జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె ఎడమవైపు గీతల మీద వేలు పెట్టి మెల్లగా లెక్కపెట్టుకుంటూ పోయింది.

"అంటే నేను ఎక్కువ మాట్లాడితి గాబట్టి తక్కువయితినా అన్నా?"

"అవునమ్మా."

"అది నీకు ఆ పొద్దే తెలిసింది."

"తెలిసింది."

"డాక్టరమ్మ అడిగినప్పుడు నువ్వు ఎన్ని మాటలు చెప్పినావు?"

"ఒకటే వాక్యం. లెక్క సరిగానే ఉందమ్మా అని."

"కూడికలో, తీసివేతలో తప్పేమన్నా ఉండెనా?"

"లేదు."

ఆమె నోటుబుక్కు మూసి నా ఒడిలో పెట్టింది. "అయితే నూటికి నూరు నీకే అన్నా," అని లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

ఏడేళ్ళయింది. నేను ఇంకా స్టోరులోనే ఉన్నాను. స్టాకులో ఇప్పటికీ తేడా లేదు. ఎవరి పనినైనా అంచనా వేయమని నన్ను అడిగితే, ఎన్ని తప్పులు చేశారో చూసే ముందు ఎంత చేశారో చూస్తాను. అది ఆ పరీక్ష నేర్పిన పాఠం. రెండో పాఠం లెక్కలకు సంబంధించింది కాదు. అంకెలు సరిగా ఉన్నాయని చెప్పి కూడా మనిషి అబద్ధం ఆడవచ్చు. నేను ఆడాను. జర్మన్ అట్ట ఇంకా గోడకే ఉంది. యాడికి అన్న ప్రశ్న కింద రాసిన నాలుగు గళ్ళూ వెలిసిపోయాయి. వాటిని చూసినప్పుడల్లా సుగుణ పోవలసిన ఊరు గుర్తుకొస్తుంది, ఆ దారికి అడ్డం నిలబడింది నేనేనని గుర్తుకొస్తుంది.