గుట్ట మీద వచ్చిన కల

యాదగిరిగుట్ట కనబడినప్పుడల్లా నేను పెట్టే దండంలో సగం ఒక తల్లికి చెందుతుంది. ఆమె పేరు నాకు తెలియదు.

1960ల్లో ఒకసారి ఆలేరులో ప్యాసింజరు రైలు ఎక్కాను. ఎదుటి బల్ల మీద ఆమె, పద్దెనిమిదేళ్ల కొడుకు కూర్చుని ఉన్నారు. అతను వణికే చేతులతో చొక్కా గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. ఆమె సాయం చేయలేదు, తొందరపెట్టలేదు. గుండీ పడ్డాక అతను నన్ను చూసి నవ్వి, కాసేపటికి నిద్రపోయాడు.

"నిరుడు వీడు గిట్ల లేడు బిడ్డా," అందామె. "ఊకె ఏడ్సేటోడు, మీదవడి కొట్టేటోడు. దయ్యం పట్టిందని గొలుసులతోని కట్టేసిండ్రు. దవాఖాన అంటే మా మామ ఒప్పుకోలే. గుట్టకు తోలిండు."

గుట్టలో అలాంటివాళ్లు రోజూ గుడి చుట్టూ తిరుగుతూ, స్వామి కలలోకి వచ్చి మాట చెప్పేదాకా ఉండేవారు. ఆ మాటకు ఇంట్లో ఎదురుండదు.

"కల వచ్చిందా అమ్మా?"

"పట్నం దవాఖానకు తీస్కపొమ్మన్నడని చెప్పిన. మామనే బండి కట్టిచ్చిండు."

పట్నంలో డాక్టరు అతని కళ్లలోకి లైటు వేసి, నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం చూశాడట.

"ఒంట్ల రాగి జమైతాందంట. మెదడుకెక్కి గట్ల చేయిస్తదంట. పుట్టుకతోని ఒచ్చిన రోగమంట. మందుతోని ఆ రాగి ఉచ్చల పోతాంది. బతికినన్ని దినాలు మందు మానొద్దన్నడు."

వంగపల్లి దాటాక కిటికీలోంచి గుట్ట కనబడింది. ఆమె నావైపు వంగి గొంతు తగ్గించింది.

"కల రాలే బిడ్డా. నేనే కల్పించిన."

"స్వామికి కోపం రాదా?" అన్నాను.

ఆమె గుట్టకు రెండు చేతులా దండం పెట్టి, కొడుకు తలను తన భుజం మీదికి సర్దుకుంది.

"ఆయన ఒచ్చినా గదే చెప్తుండె."