ప్రార్థన పట్టినంతసేపు

అనంతగిరి పైన ఒక గూడెంలో, చర్చి పక్కనున్న బడి గదిలో పాత కంప్యూటర్ ఒకటి ఉంది. దాన్ని నడిపించే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కించింది నేనే. అందుకే దాని రోగాలన్నీ నా నెత్తిన పడ్డాయి. దాని ముందు కూర్చునేది రిటైరైన టీచరమ్మ. పిల్లల వాచకం కోసం తమ కొండ భాష మాటలను తెలుగు అక్షరాల్లో టైపు చేసేది. ఆవిడకు చూపు తగ్గిపోతోంది. పూర్తిగా మసకబారేలోపు పని ముగించాలని తొందర.

అక్షరాలు పెద్దగా, స్పష్టంగా కనబడేలా సెట్ చేసి వస్తానా, మర్నాడు పొద్దున్నే ఫోను.

"ఏటి బాబూ, నీ పెట్టె మళ్ళీ మర్సిపోనాది. అచ్చరాలన్నీ అలుక్కుపోనాయి. ఒత్తులు కనబడ్డం లేదు."

నాలుగుసార్లు కొండెక్కాను. చూస్తే నేను పెట్టిన సెట్టింగులు ఫైల్లో భద్రంగానే ఉన్నాయి. నేను ఆపి వేస్తే అక్షరాలూ బాగానే వచ్చేవి. ఒళ్ళు మండింది. ఫైలు చెరిపి మళ్ళీ రాశాను. వైరు మార్చాను. లాభం లేదు. చివరికి పంతం పట్టి, ఒకరోజు ఆవిడకంటే ముందే వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను.

ఆవిడ వచ్చి సీపీయూ ఆన్ చేసింది. మానిటర్ జోలికి పోలేదు. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి నిదానంగా ప్రార్థన చేసుకుంది. ఆమెన్ అన్నాకే మానిటర్ స్విచ్ వేసింది. అక్షరాలు అలుక్కుపోయి వచ్చాయి.

"రోజూ ఇలాగేనా అమ్మా?"

"మరి? దేవుణ్ణి తలుసుకోకుండా తెర ముకం ఎలా సూత్తాను?"

అప్పుడు అర్థమైంది. కంప్యూటర్ లేస్తూనే తన తెర కోసం వెతుక్కుంటుంది. తెర ఆపి ఉండి దొరక్కపోతే ఏదో ఒక కొలతతో సరిపెట్టుకుంటుంది. అంటే అది ఏనాడూ మరిచిపోలేదు. ఆవిడ ప్రార్థన ముగిసేసరికి వెతకడం మానేసేది, అంతే. నేను రోజూ తిట్టుకున్న ఆ పెట్టె మీద గౌరవం కలిగింది. ఆవిడ మీద అయితే భక్తే కలిగింది.

"ముందు మానిటర్ వెయ్యండమ్మా. తర్వాత సీపీయూ. ఆ తర్వాత ఎంతసేపైనా ప్రార్థన చేసుకోండి."

అలాగే చేసింది. కళ్ళు తెరిచేసరికి ఒత్తులతో సహా ప్రతి అక్షరం తేటగా ఉంది. నమ్మకం కుదరక మూడుసార్లు ఆపించి వేయించింది. మూడుసార్లూ అక్షరాలు అలాగే నిలిచాయి.

తను టైపు చేసిన వాచకం తెరిచి, తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా జరిగి, మొదటి మాట మీద వేలు పెట్టింది.

"ఇది మా యమ్మ మాట బాబూ. ఇప్పుడెవులూ అనరు," అంది. తర్వాత దాన్ని గట్టిగా పైకి చదివింది.