పేపరు పరుచుకుని ప్రార్థించే మనిషి

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందన్న కబురు ఆఫీసులో టీ తాగుతుండగా వచ్చింది. అమ్మ ఫోను చేస్తే ముందు తిన్నావా అని అడుగుతుంది, తర్వాత నాయన షుగరు గురించి చెబుతుంది, అసలు సంగతి ఎప్పుడూ చివర్లో వస్తుంది. ఆ రోజు మాత్రం, "అక్క పొయ్యింది మ్మే. తెల్లారిజామున. వచ్చెయ్," అని పెట్టేసింది. కప్పులో మిగిలిన టీ తాగేశాను. సెలవు అడిగి తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కాను. దారిలో ఏడుస్తాననుకున్నాను. పక్క సీటామె చంద్రగిరి దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. కదిలితే ఆమె లేస్తుందని కదలకుండా కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. చిత్తూరులో మా ఇంటికి ఎదురిల్లు, మధ్యలో ఒక ఆటో పట్టేంత వీధి. చిన్న పిల్లలకు అక్షరాలు చెప్పి రిటైరైన టీచరు. భర్త నేను పుట్టకముందే పోయాడట, పిల్లలు లేరు. వాళ్ళు క్రైస్తవులు, మేం కాదు. మా వీధిలో ఆ తేడా క్రిస్మస్ కేకు అటు నుంచి ఇటు, ఉగాది పచ్చడి ఇటు నుంచి అటు వచ్చిన రోజుల్లోనే కనిపించేది.

రోజూ మధ్యాహ్నం నాయన పేపరు చదవడం అయ్యాక ఆమె వచ్చేది. "ఏమబ్బా, అయిందా నీది?" అని అడిగి తీసుకుపోయేది. క్రికెట్ పేజీ మాత్రం మడిచి వెనక్కిచ్చేది. అక్కడ ఎవరికీ కష్టం ఉండదని ఆమె నమ్మకం. పేపరు మాది, ప్రార్థన ఆమెది. శనివారం సాయంత్రం ఆమె ఇంట్లో ప్రార్థన కూడిక ఉండేది. బైబిలు పక్కనే ఆ వారం పేపర్లు చాప మీద పరుచుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ దేవుడికి చెప్పుకునేది. వచ్చే ఆడవాళ్ళలో సగం మంది నొసట కుంకుమ ఉండేది. వాళ్ళు ప్రార్థనకు వచ్చేవాళ్ళో, తర్వాత కలిపి పెట్టే బొరుగులకు వచ్చేవాళ్ళో నాకెప్పుడూ తేలలేదు. మా అమ్మకు కూడా తేలి ఉండదు.

ఆమె ప్రార్థనలో దేశాల పేర్లు రావు. ఎక్కడో బాంబులు పడితే, "తండ్రీ, యుద్ధం ఆపు," అనేది కాదు. ఫొటోలో ఉన్న మనిషిని పట్టుకునేది. "నాయనా, ఈ మూడో పేజీలో గోడ పక్కన ఒక పాప నిలబడుండాది. దాని కాళ్ళకు చెప్పుల్లేవు. ఆడంతా పగిలిన అద్దాలు. చెప్పులు చూడు." వరదలొస్తే మిద్దె మీద నిలబడ్డ ముసలాయన తలకు కట్టుకునే తువాలు తడిసిపోయిందని చెప్పేది. ఒకసారి నేనే నవ్వి అడిగాను, దేవుడంతటివాణ్ణి చెప్పులూ తువాళ్ళూ అడుగుతావేంటని.

"పెద్దవి ఆయనకు తెలుసులే. ఆ గందరగోళంలో చిన్నవి మర్చిపోతాడేమోనని నేను గుర్తు చేస్తా," అంది.

నేను ఫోన్లో వార్తలు చూసే రకం. లేవగానే చూస్తాను, బస్సులో చూస్తాను, పళ్ళు తోముకుంటూ చూస్తాను. ఒక ఊరు కూలుతుంది, వేలు పైకి జరుగుతుంది, ఎవరో వంట చేస్తుంటారు, మళ్ళీ జరుగుతుంది, ఇంకో ఊరు కూలుతుంది. ఆ ఫోను ఆమె ముందు పెడితే కాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది. "ఇందులో ఉండేటోళ్ళు నాకు చిక్కరు మ్మే. నోరు తెరిచే లోపల జారిపోతారు. కాగితంలో వాళ్ళయితే నిలబడతారు, నేను చెప్పేదాకా."

ఆమెలో ఒక లోపం ఉండేది. వీధి వీధంతా ఎరిగిన లోపం. ఆమెకు రహస్యం చెప్పకూడదు. చెబితే ఎవరికీ చెప్పదు, ఒట్టు. దేవుడికి మాత్రం చెబుతుంది, అదీ శనివారం, గట్టిగా. ఒకసారి కళ్ళు మూసుకుందంటే ఎదురుగా ఆయన ఒక్కడే ఉన్నాడనుకునేది. మా వీధి చివర కాంట్రాక్టరుకు మొలల బాధ ఉందనీ, ఎవరి కోడలికి అత్తతో పడటం లేదనీ అందరికీ తెలిసింది అలాగే. కాంట్రాక్టరు కొన్నాళ్ళు ఆమె ముఖం చూడలేదు. ఆపరేషనయ్యాక మాత్రం అరటిపండ్ల గెల పంపించాడు.

ఇదంతా తెలిసీ నేను ఆమెకు చెప్పాను.

తిరుపతిలో నాతో పనిచేసిన అబ్బాయి. కొన్నేళ్ళ స్నేహం, పెళ్ళి దాకా మాటలు. ఒక రోజు బైపాస్ పక్కన జ్యూస్ కొట్టు ముందు నిలబడి, ఇంట్లో వేరే సంబంధం ఖాయం చేశారన్నాడు. నేను జ్యూస్ పూర్తిచేసి, గ్లాసు తిరిగిచ్చి, హాస్టలుకు వెళ్ళాను. తర్వాతి వారం సెలవు పెట్టి చిత్తూరొచ్చాను. అమ్మకు గ్యాస్ ట్రబుల్ అని చెప్పాను. తినేదాన్ని కాదు. రోజంతా ఫోన్లో కూలుతున్న ఊళ్ళు చూసేదాన్ని. నా ఏడుపు కంటే పెద్ద ఏడుపు కనబడితే నాది చిన్నదవుతుందని నా లెక్క. చిన్నది కాలేదు. రెండూ కలిసి ఇంకా పెద్దదయింది.

పేపరు కోసం వచ్చిన పెద్దమ్మ వసారాలో నన్ను చూసి ఆగింది. "ఏం మ్మే, మొగం అట్ల పెట్టుకోనుండావు?"

అమ్మ ఇంట్లో లేదు. చెప్పేశాను. ఆమె మర్చిపో అనలేదు. వాడు మంచివాడు కాదులే అని కూడా అనలేదు.

"తింటా ఉండావా?"

"లేదు."

"నిద్ర?"

"లేదు పెద్దమ్మా. ఎవరికీ చెప్పద్దు. అమ్మకు తెలిస్తే ఉద్యోగం మానిపించి సంబంధాలు చూస్తుంది."

"నేనెవురికి చెప్తానే," అని పేపరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

శనివారం వచ్చింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే అమ్మ అనుమానపడుతుందని నేనూ వెళ్ళి గడప పక్కన కూర్చున్నాను. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని ముందు వరసలో కూర్చుంది. పేజీలన్నీ తిరిగాయి. ఆఖరి పేపరు మడిచాక కూడా పెద్దమ్మ కళ్ళు తెరవలేదు.

"ఇంగొకటి, నాయనా. మా ఎదురింటి పాప. తిరుపతిలో ఒక పిల్లోడు దాని మనసు ఇరిసి పొయ్యినాడు. వాణ్ణేమీ చెయ్యొద్దు, వాళ్ళమ్మ మాటకు ఎదురు చెప్పలేకపొయ్యుంటాడు. ఈ పిల్లకు మాత్రం ఆకలి పుట్టించు. అన్నం ముందర కూసోని మెతుకులు అటూ ఇటూ జరుపుతా ఉండాది, నేను కిటికీలోంచి చూసినా. ఎక్కువ అడగను. రేపు పొద్దన దానికి ఆకలి కావాల. ఆమెన్."

అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ ఆమెన్ కాస్త ఆలస్యంగా వినిపించింది.

పెద్దమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా అమ్మ. పెద్దమ్మ మొహంలో రంగు మారడం నేను చూశాను. మెల్లగా లేచి వంటింటి వైపు నడుస్తూ, "బొరుగుల్లో ఎర్రగడ్డ ఏసేదా, వద్దా?" అని అడిగింది.

వీధి దాటి ఇంట్లోకి వచ్చేంత వరకు అమ్మ నోరు విప్పలేదు. వచ్చాక కూడా విప్పలేదు. నాయనకు చెబుతుందని ఎదురుచూశాను, చెప్పలేదు. పొద్దున్నే రాగి సంకటి గెలికి, ఊరుబిండి పచ్చడి నూరి, పళ్ళెం నా ముందు పెట్టి, తను చింతాకు ఈనెలు తీస్తూ పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు. ప్రార్థన పనిచేసిందని చెప్పను. ఊరుబిండి పనిచేసిందని కూడా చెప్పను. ముద్ద మొత్తం తిన్నాను.

ఆ తర్వాత నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే కింద వీధిలో ఇద్దరి మాటలు వినబడ్డాయి.

"దేవుడికి చెప్పేది కాస్త మెల్లగా చెప్పుకోవచ్చు గదక్కా," అంటోంది అమ్మ.

"మెల్లగా చెప్తే ఆయనకు వినపడతాది. నాకు వినపడదే," అంది పెద్దమ్మ. అప్పటికే ఆమెకు చెవులు మందగించాయి. అమ్మ నవ్వడం వినిపించింది.

ఉద్యోగం మానిపించలేదు. సంబంధాల ఊసు రాలేదు. ఆ అబ్బాయి గురించి మాత్రం అమ్మా నేనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను ఊరొచ్చిన ప్రతి శనివారమూ పెద్దమ్మ నా గురించి ఏదో ఒక చిన్నది అడిగేది: ఈ వారం నిద్ర, ఈ వారం తలనొప్పి తగ్గాలని, ఈ వారం ఆఫీసులో వాడు ఎదురుపడకూడదని. అమ్మ ముందు వరసలో వినేది, నేను గడప దగ్గర వినేదాన్ని. మా ఇంట్లో మాట్లాడుకోవలసినదంతా ఎదురింట్లో అయిపోయేది.

ఒక్కసారి ఆమెతో కటువుగా మాట్లాడాను. వాడి పెళ్ళి ఫొటోలు ఫోన్లో చూసిన రోజు. "ఆ మూడో పేజీ పాపకు చెప్పులొచ్చాయా పెద్దమ్మా?" అన్నాను.

"నాకెట్ల తెలుస్తాదే?"

"తెలియనప్పుడు అడగడం ఎందుకు?"

ఆమె కళ్ళద్దాలు తీసి చీర అంచుతో తుడుచుకుంది. "అడక్కపోతే, ఆ పాప వట్టి కాళ్ళతో ఉండాదని నాకే గుర్తుండదు గదా," అంది. కోపం లేదు. కాసేపటికి, "నీకింకా బాధగా ఉండాదా?" అనడిగింది. ఉందన్నాను. "ఉండనీలే. ఉండేది ఉంటాది. కాఫీ తాగుతావా?"

ఇంతకంటే పెద్ద ఓదార్పు ఆమె దగ్గర నాకెప్పుడూ దొరకలేదు. నేను వెతికిన మిగతా చోట్ల ఈపాటిది కూడా దొరకలేదు.

నేను చేరేసరికి వాకిట్లో షామియానా వేశారు. ప్రభువునందు నిద్రించారని ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ఫొటో ఏ గుర్తింపు కార్డులోంచో తీసింది, ఆమె కానట్టే ఉంది. సమాధుల తోటకు బయలుదేరేటప్పుడు నాయన అమ్మతో, "ఆడదానివి, ఆడికి నువ్వు ఏల?" అన్నాడు. మా వాళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి పోరు. అమ్మ చెప్పులు వేసుకుంటూ, "అక్కను ఒకదాన్నే పంపించేదా?" అంది. నాయన పక్కకు జరిగి దారిచ్చాడు.

పాస్టరుగారు మంచి మాటలే చెప్పారు. మహిమ అన్నారు, నిత్యజీవం అన్నారు, పరలోక ద్వారాలు అన్నారు. అందరూ తలా ఇంత మట్టి వేశారు. కొవ్వొత్తులు వెలిగించి ఒక్కొక్కరే గేటు వైపు కదిలారు. అమ్మ మాత్రం మట్టి దగ్గర గొంతుక్కూర్చుంది. నేను వెనకాల నిలబడ్డాను.

"అక్కా," అంది అమ్మ. వీధిలో పిలిచినట్టే పిలిచింది, గట్టిగా. గేటు దగ్గరి వాళ్ళు తిరిగి చూశారు. "మా పాప ఇంకా కుదురుకోలేదు. బాత్రూములో కొళాయి తిప్పి ఏడస్తాది. నాకు తెలీదనుకుంటా ఉండాది. నువ్వుంటే నువ్వు చెప్పుకునేదానివి. ఇంగ నేను చెప్పుకుంటాలే. నాకు రాదు. అయినా చెప్పుకుంటా."

నా పక్కనున్న పాస్టరుగారు నేల చూశారు. నేను అమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు తిరగలేదు, చెయ్యి మాత్రం నా మోకాలి మీద వేసింది.

గాలి లేచింది. కొవ్వొత్తులు వరసగా ఆరిపోతున్నాయి. అమ్మ కొంగు విప్పి, రెండు చేతులా చాచి, మిగిలిన ఒక్క కొవ్వొత్తికి అడ్డం పట్టుకుంది. గేటు బయట ఆటో అతను హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఎర్రమట్టి మీద ఆ కొంగు తెరచాపలా ఉబ్బి, దాని వెనక మంట పసుప్పచ్చగా కదులుతూ ఉంది.